కీళ్లు చల్లారాక మిగిలిన నొప్పి: ఒక కేసు

ఈ కేసు రాయడానికి ఆమె అనుమతి ఉంది. గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను, కొన్ని మార్చాను. అంకెలు మాత్రం నా రికార్డులో ఉన్నవే. నేను కీళ్లవాతం చూసే డాక్టర్ని. ఇందులో నేను సరిగ్గా చేసినవాటికంటే తప్పుగా చేసినవే ఎక్కువ కాబట్టి, కాస్త వివరంగానే రాస్తున్నాను.

నేపథ్యం

ఆమె వయసు 44. ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటి రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే కీళ్లవాతం. ఆ జబ్బుని సూచించే యాంటీ సీసీపీ రక్తపరీక్ష పాజిటివ్. జబ్బుని అదుపులో పెట్టడానికి వారానికి 20 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, వాటితో పాటు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. ఆ ప్రెడ్నిసొలోన్ ఎవరు మొదలుపెట్టారో, ఎందుకు ఆపలేదో పాత చీటీల్లో ఎక్కడా లేదు. మా దగ్గరికి వచ్చే పేషెంట్లలో సగం మంది కథ ఇదే.

ఉద్యోగంలో షిఫ్టులు. రెండు వారాలు పగలు, ఒక వారం రాత్రి. ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన తల్లిని చూసుకునేది ఈవిడే. ఈ రెండు విషయాలూ మొదటి రోజే చెప్పింది. నేను రాసుకున్నాను కూడా. రాసుకుని పక్కన పెట్టాను.

వచ్చిన సమస్య

"ఒళ్లంతా నొప్పులే మేడమ్. జ్వరం వచ్చే ముందు ఉంటుందే, అలా. థర్మామీటర్ పెడితే ఏమీ ఉండదు."

పరీక్ష చేస్తే 28 కీళ్లలో 16 నొక్కితే నొప్పి. వాపు ఒక్కదాంట్లోనే, అదీ ఎడమ చేతి మధ్యవేలి మొదట్లో, నలుగురు డాక్టర్లు నొక్కితే ఇద్దరు కాదనేంత. ఒంట్లో మంటని, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ని, చూపే రక్తపరీక్షలు రెండు. ఈఎస్ఆర్ 18. సీఆర్పీ మామూలుగా ఉంది. నూరు పాయింట్ల గీత మీద తన పరిస్థితికి ఆమె వేసుకున్న మార్కు 70.

వీటితో డాస్-28 అనే జబ్బు తీవ్రత స్కోరు లెక్క కడితే 5.5 వచ్చింది. 5.1 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు లెక్క. నిబంధనల ప్రకారం తర్వాతి మెట్టు బయోలాజిక్, అంటే మంటని నడిపే ఫలానా ప్రొటీన్‌నో కణాలనో అడ్డుకునే ఇంజెక్షన్. ఆ మెట్టు ఎక్కించమనే ఆమెను నా దగ్గరికి పంపారు.

ఈ ఫార్ములాని రోజూ వాడతాం గానీ దాని పొట్టలో ఏముందో మర్చిపోతుంటాం. నొప్పి ఉన్న కీళ్ల సంఖ్యకి వర్గమూలం తీసి 0.56తో గుణిస్తారు. వాపు ఉన్న కీళ్లకి 0.28. అంటే నొప్పి బరువు వాపుకి రెట్టింపు. ఈమె 5.5లో వాపు వాటా కేవలం 0.28. నొప్పి వాటా 2.24. సొంత మార్కు వాటా మరో 0.98. మిగతాది ఈఎస్ఆర్‌ది. కీళ్లలో మంట ఎంత ఉందో కొలవాల్సిన అంకెలో సగానికి పైగా ఆమె నాడీవ్యవస్థ చెబుతున్న మాటే. ఆ రోజు ఈ విడదీత నేను చేయలేదు. ఫోన్లో ఉన్న క్యాలిక్యులేటర్ ఇచ్చిన మొత్తం చూసి తల ఊపాను.

మొదటి ప్రయత్నం: స్టెరాయిడ్‌తో తేల్చుకుందామని

వాపు ఒక్క కీలులోనే ఉండటం నాకు కాస్త గుచ్చుకుంది. అందుకే బయోలాజిక్‌కి ముందు ప్రెడ్నిసొలోన్‌ని 15 మిల్లీగ్రాములకి పెంచి రెండు వారాలు చూద్దామనుకున్నాను. నొప్పికి కారణం కీళ్లలో మంటే అయితే ఇట్టే తగ్గాలి, కాకపోతే తగ్గకూడదు, అన్నది నా తర్కం. వినడానికి బాగానే ఉంది.

నాలుగు రోజులు అద్భుతంగా ఉందని ఫోన్ చేసింది. "చూశారా, మంటే" అనుకున్నాను. ఆ తర్కంలో ఉన్న చిల్లు అప్పుడు కనపడలేదు. స్టెరాయిడ్ ఎవరికిచ్చినా కొన్నాళ్లు హుషారు వస్తుంది. కీళ్లలో మంట తగ్గిందో, ఒంట్లో జ్వరపు తీరు తగ్గిందో, మనసు తేలికయిందో ఆ హుషారు విడదీసి చెప్పదు.

రెండో వారానికి నిద్ర పూర్తిగా పోయింది. అడిగితే అసలు సంగతి బయటపడింది. చీటీలో నేను "ఉదయం, తిన్న తర్వాత" అని రాశాను. రాత్రి డ్యూటీ వారంలో ఆవిడకి "ఉదయం" అంటే సాయంత్రం ఆరు. మాత్రలు అప్పుడు వేసుకుని డ్యూటీకి వెళ్లింది. తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే కన్ను మూతపడదు, మూతపడేసరికి తల్లికి స్నానం చేయించాల్సిన వేళ. తప్పు ఆమెది కాదు. రాసింది రాసినట్టే చేసింది.

డోసు తగ్గించేసరికి నొప్పులు ముందుకంటే ఎక్కువయ్యాయి. అప్పటికి అంతకుముందు రాసిన ట్రమడాల్ అనే నొప్పి మాత్ర కూడా తల తిప్పడం, మలబద్ధకం తప్ప ఒరగబెట్టిందేమీ లేక ఆగిపోయింది.

అప్పుడు నేను అన్న మాట ఒకటుంది. "కాస్త టెన్షన్ తగ్గించుకోండమ్మా."

రెండు నెలలు రాలేదు.

రెండో ప్రయత్నం: ఇంజెక్షన్

తిరిగి వచ్చినప్పుడు కూర్చోకుండానే అడిగింది. "నొప్పి అంటే టెన్షన్ అన్నారు. సరే మేడమ్, ఆ టెన్షన్ ఎక్కడ పట్టుకుని నొప్పి పెడుతోందో చెప్పండి. అక్కడికే మందు రాద్దురు గాని."

వెటకారంగానే అంది. ఆ ప్రశ్నకి నిజానికి జవాబుంది, దాని దగ్గరికి వస్తాను. కానీ ఆ రోజు నాలో పనిచేసింది తర్కం కాదు, తప్పు చేశానన్న భావం. ఆమె నొప్పిని చిన్నచూపు చూశాను కాబట్టి ఇప్పుడు పెద్ద మందు ఇచ్చి సరిదిద్దుకోవాలనిపించింది. టీబీ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు అన్నీ చేయించి, రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాముల అడాలిముమాబ్ మొదలుపెట్టాను. టీఎన్ఎఫ్ అనే మంట పుట్టించే ప్రొటీన్‌ని అడ్డుకునే బయోలాజిక్ ఇది. అంతకుముందు కీళ్లకి ఒక్క డాప్లర్ అల్ట్రాసౌండ్ చేయించి ఉండాల్సింది. మంట నిజంగా ఉంటే కీలు లోపలి పొరలో రక్తప్రసరణ తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. పది నిమిషాల పని. చేయించలేదు. ఈ కేసు మొత్తంలో నన్ను ఇప్పటికీ వేధించేది ఆ పది నిమిషాలే. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

మొదటి ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులు "తల మీద నుంచి బరువు దించినట్టుంది" అంది. అది నన్ను ఇంకా తప్పుదారి పట్టించింది. అదంతా కేవలం నమ్మకం వల్ల వచ్చిన ఉపశమనమని కొట్టిపారేయలేం. 2011లో జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు రుమటాయిడ్ రోగులకి టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే మందు ఎక్కించి మెదడు స్కాన్ తీశారు. 24 గంటల్లోనే, కీళ్ల వాపు ఇంకా తగ్గకముందే, మెదడులో నొప్పికి స్పందించే భాగాలు నెమ్మదించాయి. అంటే టీఎన్ఎఫ్ కీలుని వాపెక్కించడంతో ఆగదు, నొప్పిని వినే చోట కూడా చేయి పెడుతుంది. అయితే ఈమెలో ఆ తేలిక మూడో ఇంజెక్షన్‌కి మాయమైంది.

మూడు నెలలకి లెక్క: నొప్పి 14 కీళ్లు, వాపు సున్నా, ఈఎస్ఆర్ 10, సొంత మార్కు 65. డాస్ 4.6. అంటే 0.9 తగ్గింది. రూలు పుస్తకం దీన్ని మధ్యస్థ స్పందన అంటుంది. ఈసారి కాగితం మీద విడదీసి రాసుకున్నాను. ఆ 0.9లో దాదాపు 0.7 వాపు, ఈఎస్ఆర్ తగ్గడం వల్ల వచ్చిందే. ఆమెకి తెలిసే భాగంలో తేడా 0.2. ఫార్ములాకి నయమవుతోంది, పేషెంట్‌కి కాదు.

అయినా నా చేయి రెండో బయోలాజిక్ వైపే వెళుతోంది. ఇంజెక్షన్ మార్చడమంటే ఏదో చేస్తున్నామన్న తృప్తి.

మలుపు: బీపీ మిషన్

ఆ రోజు ఓపీలో బీపీ చూస్తున్న సిస్టర్ మామూలుగా అన్న మాట ఇది: "ఈవిడకి పట్టీ బిగిస్తే చాలు మేడమ్, ప్రతిసారీ 'అబ్బా' అని చేయి లాక్కుంటుంది. అందుకే నేను రెండోసారి చూడను."

ప్రతిసారీ. అంటే నెలల తరబడి. బీపీ పట్టీ కట్టేది మోచేతికి పైన, కండ మీద. అక్కడ కీలు లేదు. రుమటాయిడ్‌కి అక్కడ పని లేదు.

పట్టీ నేనే కట్టి, గాలి నెమ్మదిగా ఎక్కిస్తూ, బిగుతు ఎప్పుడు నొప్పిగా మారుతుందో చెప్పమన్నాను. 110 దగ్గర మొహం ముడిచింది. 130కి "ఇక చాలు" అంది. అదే పట్టీ నా చేతికి కట్టుకుని 200 దాకా ఎక్కించుకున్నాను. చేయి మొద్దుబారినట్టుంది తప్ప నొప్పి లేదు. పది రోజుల తర్వాత మళ్లీ చూస్తే ఆమెకి దాదాపు అవే అంకెలు. దీన్ని జబ్బు తేల్చే పరీక్ష అనను. కానీ గదిలో ఉన్న వస్తువుతోనే, ఆమె కళ్లముందే, ఇద్దరికీ ఒకే విషయం కనపడింది. మంట లేని చోట కూడా ఆమె నరాలు మామూలు ఒత్తిడిని నొప్పిగా చదువుతున్నాయి.

అప్పుడు చేయించాను డాప్లర్. చేతులు, మణికట్లు, పాదాలు. ఎక్కడా ఎరుపు లేదు. ఫైబ్రోమయాల్జియా, అంటే నరాల సున్నితత్వం వల్ల ఒళ్లంతా నొప్పులుండే జబ్బు, దాని ప్రమాణాలతో చూస్తే నొప్పి విస్తృతి 19కి 11, లక్షణాల తీవ్రత 12కి 8. రెండూ గీత దాటాయి. థైరాయిడ్, రక్తహీనత, విటమిన్ డీ, నిద్రలో శ్వాస ఆగడం లాంటివి చూసి పక్కన పెట్టాం.

ఆమె ప్రశ్నకి జవాబు

టెన్షన్ ఎక్కడ పట్టుకుని నొప్పి పెడుతోంది? ఆలస్యంగానైనా నాకు నేను చెప్పుకున్న జవాబు ఇది.

రోగనిరోధక కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి చిన్న చిన్న ప్రొటీన్లు వదులుతాయి. సైటోకైన్లు అంటాం. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ వీటిలో పెద్ద గొంతులు. 150 నుంచి 190 లోపు అమైనో ఆమ్లాల గొలుసులు. వీటికంటే చిట్టివీ ఉన్నాయి. గాయం దగ్గర పుట్టే బ్రాడికైనిన్‌లో అమైనో ఆమ్లాలు 9, నరాల కొసల నుంచి వచ్చే సబ్‌స్టెన్స్ పీలో 11. ఈ గొలుసులు కణాల మధ్య కబుర్లతో ఆగవు. నొప్పిని మోసే నరాల కొసల మీద వీటికి గ్రాహకాలు ఉన్నాయి. అవి తగిలితే నరంలోని సోడియం ద్వారాలు, వేడికి తెరుచుకునే టీఆర్పీవీ-1 ద్వారాలు తక్కువ కదలికకే తెరుచుకుంటాయి. ఇది చేతి చివర జరిగేది. వెన్నుపాములో మైక్రోగ్లియా అనే కాపలా కణాలు మేల్కొని ఇవే ప్రొటీన్లని అక్కడ మళ్లీ వదులుతాయి. ఆ పైన వేగస్ నరం గుండా, మెదడు రక్తనాళాల గోడల గుండా కబురు మెదడుకి చేరుతుంది. ఫ్లూ వచ్చినప్పుడు ఒళ్లంతా నొప్పి, ఆకలి లేకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, ముసుగు తన్నాలనిపించడం ఇందువల్లే. వైరస్ మన కాళ్ల కండల్లో ఏమీ చేయకపోయినా కాళ్లు లాగుతాయి. ఆరోగ్యవంతులకి బ్యాక్టీరియా గోడ ముక్కని అతి కొద్దిగా ఎక్కించి చూసిన ప్రయోగాల్లో కూడా ఇంతే: కొన్ని గంటల్లో నొప్పిని తట్టుకునే హద్దు పడిపోయింది. "జ్వరం వచ్చే ముందులా" అని ఈమె మొదటి రోజే చెప్పిన మాటకి ఇంతకంటే కచ్చితమైన వర్ణన ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. నేను దాన్ని చీటీలో "ఒళ్లునొప్పులు" అని కుదించాను.

ఇక టెన్షన్. ఒత్తిడిలో మెదడు సీఆర్‌హెచ్ అనే 41 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ని వదులుతుంది, అది పిట్యూటరీ గ్రంథితో ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ని వదిలిస్తుంది, దానితో ఒళ్లు తానే తయారుచేసుకునే స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ పెరుగుతుంది. కార్టిసాల్ పని సైటోకైన్ల నోరు మూయించడం. కానీ ఒత్తిడి నెలలూ ఏళ్లూ సాగితే కణాలు కార్టిసాల్ మాట వినడం మానేస్తాయి. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటున్న పిల్లల తల్లిదండ్రుల రక్తకణాలకి స్టెరాయిడ్ కలిపి చూశారు. ఇంటర్‌ల్యూకిన్-6ని అణచడంలో ఆ స్టెరాయిడ్ మిగతా తల్లిదండ్రుల కణాల మీద పనిచేసినంతగా వీళ్ల కణాల మీద పనిచేయలేదు. రోజుల తరబడి ఒకరికి సేవ చేస్తున్న మనిషి రక్తంలో కనపడ్డ తేడా అది. మంచం పట్టిన తల్లి ఉన్న ఇంటి గురించి నేను రాసుకుని పక్కన పెట్టిన వాక్యం అప్పుడు గుర్తొచ్చింది.

నిద్ర సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 1975లోనే మోల్డాఫ్‌స్కీ అనే పరిశోధకుడు ఆరోగ్యవంతులకి గాఢనిద్ర పట్టకుండా చేసి, పొద్దున్నే వాళ్లకి ఒంటినొప్పులు పుట్టించాడు. రోజుకి నాలుగు గంటల నిద్రతో కొన్నాళ్లు గడిపించిన తర్వాతి ప్రయోగాల్లో ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగింది, దానితో పాటే నొప్పులూ పెరిగాయి.

ఒక చిన్న పక్కదారి. రోగనిరోధక కణాలు తగాదాలే కాదు, మందు కూడా మోసుకొస్తాయి. మంట ఉన్న చోటికి చేరిన తెల్లరక్తకణాలు బీటా ఎండార్ఫిన్ లాంటి నొప్పి తగ్గించే పెప్టైడ్లు వదులుతాయి. 1993లో వచ్చిన ఒక అధ్యయనంలో, మోకాలి ఆపరేషన్ అయినవాళ్ల కీలులోకి ఆ పెప్టైడ్లని అడ్డుకునే నాలోక్సోన్ ఎక్కిస్తే నొప్పి పెరిగింది. అంటే అప్పటిదాకా వాళ్ల కణాలే నొప్పిని కొంత కాస్తున్నాయన్నమాట. మంటని చంపడమంటే ఈ రెండో పనివాళ్లని కూడా పంపించేయడమేమో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఈమె విషయంలో అది జరిగిందని నేను అనను, కానీ సైటోకైన్ అంటే శత్రువు అని పీజీలకి చెప్పడం మాత్రం మానేశాను.

మరి సీఆర్పీ ఎందుకు మామూలుగా ఉంది? సీఆర్పీ కాలేయం తయారుచేసేది, రక్తంలో తిరిగే ఇంటర్‌ల్యూకిన్-6కి జవాబుగా. వెన్నుపాములో మైక్రోగ్లియా ఏం చేస్తున్నాయో కాలేయానికి తెలియదు. పైగా ఆరేళ్ల మంట నరాలని ఒకసారి సున్నితం చేశాక, మంట తగ్గినా ఆ సున్నితం వెంటనే దిగదు. నిద్రలేని ప్రతి రాత్రీ దాన్ని మళ్లీ పైకి నెడుతోంది.

ఆమెకి చెప్పేటప్పుడు ఇంత చెప్పలేదు. "మైకు వాల్యూమ్ బాగా పెంచి మర్చిపోయారనుకోండి. గొడవ ఆగిపోయింది. అయినా ఇప్పుడు కాగితం మడతపెట్టినా స్పీకర్ గీపెడుతుంది. కాగితం చప్పుడు నిజమే, మీరు వింటున్నదీ నిజమే. మనం తగ్గించాల్సింది వాల్యూమ్" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే ఇంజెక్షన్ కాగితం కోసం ఇచ్చారా?" అంది. అవునన్నాను. నవ్వింది. ఆరు నెలల్లో ఆమె నా గదిలో నవ్వడం అదే మొదటిసారి.

ఏం చేశాం

ముందు నిద్ర. రెండు వారాల చిట్టా రాయమంటే, ఇంటి జమాఖర్చుల పుస్తకం వెనక పేజీల్లో గీతలు గీసి తెచ్చింది. ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, నొప్పి పదికి ఎంత. సగటున నాలుగున్నర గంటలు, అదీ ముక్కలుగా. నొప్పి పెరిగే రోజులకి ఎర్రపెన్నుతో సున్నా చుట్టింది. ఆ సున్నాలు రాత్రి డ్యూటీ మొదలైన రెండో రోజు నుంచి వరసగా ఉన్నాయి. అంతకంటే మంచి గ్రాఫ్ నేను గీయలేను.

రాత్రి డ్యూటీ మానిపించడానికి ఉద్యోగం చేసే చోటికి లేఖ రాయాలి. అందులో ఏం కారణం రాయాలన్నది చిన్న విషయం కాదు. నొప్పి సున్నితత్వం అని రాస్తే పట్టించుకోరు. ఒత్తిడి అని రాస్తే ఆమెకే మచ్చ. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది, నిద్ర చెదిరితే జబ్బు లక్షణాలు పెరుగుతున్నాయి అని రాశాను. అందులో అబద్ధం లేదు. మొదటి లేఖకి జవాబు రాలేదు. రెండోదానికి ఆరు నెలలు పగటి డ్యూటీ ఇచ్చారు.

తర్వాత, లేచే వేళ ఒకటే పెట్టుకోవడం, నిద్ర రాకుండా మంచం మీద దొర్లకపోవడం, మధ్యాహ్నం కునుకు అరగంట దాటకపోవడం. పడక సమయాన్ని బాగా కుదించే పద్ధతి కూడా ఉంది. ఈమె విషయంలో దాన్ని వాడలేదు. ఇప్పటికే నాలుగున్నర గంటల మీద బతుకుతున్న మనిషిని ఇంకా కుదిస్తే మొదటి రెండు వారాలు నొప్పి పెరుగుతుంది, నామీద మిగిలిన కాస్త నమ్మకం పోతుంది. నెమ్మదిగా వెళ్లాం.

మందుల్లో ముందు ఇలాంటి నొప్పికి వాడే డులోక్సెటిన్ 30 మిల్లీగ్రాములు ఇచ్చాను. వాంతి వచ్చేలా ఉందని వారానికే ఆపేసింది. ఈసీజీ చూసుకుని, పడుకునే రెండు గంటల ముందు అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు. 20కి పెంచితే పొద్దున పదింటిదాకా మత్తు. మళ్లీ 10కే వచ్చాం. "ఇది డిప్రెషన్ మాత్ర అని మందుల షాపులో చెప్పారు" అని ఆమె ఫోన్ చేయకముందే నేనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఫోన్ వచ్చాక చెప్పాను, ఈ డోసు నరాల వాల్యూమ్‌కి, నిద్రకి అని.

నడక ఆరు నిమిషాలతో మొదలు. ఆరే ఎందుకంటే ఏడో నిమిషానికి మర్నాడు పడకేస్తోంది. వారానికో నిమిషం పెంచాం. బాగున్న రోజు ఇరవై నిమిషాలు నడిచేసి మూడు రోజులు పడుకోవడం రెండుసార్లు జరిగింది. మూడోసారి జరగలేదు.

ప్రెడ్నిసొలోన్‌ని నెలకో మిల్లీగ్రాము చొప్పున దించాం. 2 దగ్గర మళ్లీ ఒళ్లునొప్పులు, నీరసం. జబ్బు తిరగబెట్టిందా, స్టెరాయిడ్ వదులుతున్న బాధా అన్నది అక్కడ తేల్చుకోవాలి. వాపు లేదు, డాప్లర్ శుభ్రం, ఉదయం ఎనిమిదింటి కార్టిసాల్ సరిపడా ఉంది. పెంచకుండా ఆరు వారాలు అక్కడే ఆగాం. సద్దుమణిగింది. తర్వాత మిగతాదీ ఆపేశాం.

మెథోట్రెక్సేట్‌ని ముట్టుకోలేదు. ఇది గట్టిగా చెప్పాలి. నొప్పికి కారణం నరాల సున్నితత్వమని తేలగానే రుమటాయిడ్ లేదన్నట్టు మందులు ఆపేసిన కేసులు నా దగ్గరికి వస్తుంటాయి, కీళ్లు వంకరపోయాక. రెండూ ఒకే ఒంట్లో ఉండగలవు, ఉంటాయి.

తేలని విషయం

అడాలిముమాబ్ ఏం చేయాలి? ఇప్పుడు కీళ్లలో మంట లేదు. మందు వల్ల లేదా, మొదటి నుంచే లేదా? ముందు డాప్లర్ చేయించి ఉంటే తెలిసేది. ఆ పది నిమిషాల విలువ ఇది. అవసరం లేకపోతే ఇన్ఫెక్షన్ల ముప్పున్న మందుని ఊరికే నడుపుతున్నట్టు. అవసరం ఉంటే, ఆపితే కీలు దెబ్బతింటుంది. ఆమెకి ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను, నేను చేయాల్సిన పరీక్ష చేయలేదని కూడా. కలిసి నిర్ణయించుకున్నాం. ముందు మూడు వారాలకోసారి, ఆ తర్వాత ఆపడం, రెండు నెలలకోసారి డాప్లర్.

తొమ్మిది నెలలకి నొప్పి ఉన్న కీళ్లు 4. వాపు లేదు. ఈఎస్ఆర్ 14. సొంత మార్కు 35. డాస్ 3.5. రూలు పుస్తకం ప్రకారం ఇంకా మధ్యస్థ తీవ్రతే, మందు పెంచాల్సిందే. పెంచలేదు. బీపీ పట్టీ 170 దాకా ఊరుకుంది. నిద్ర ఆరు గంటలు. తల్లి పరిస్థితిలో మార్పు లేదు, కానీ రాత్రిళ్లు చూసుకోవడానికి అక్కతో వంతులు వేసుకుంది. ఆ ఏర్పాటు గురించి నేను సలహా ఇవ్వలేదు. ఎర్రపెన్ను సున్నాలు అక్కకి చూపించిందట.

ఇంజెక్షన్ పూర్తిగా ఆపిన నాలుగు నెలలకి, అపాయింట్‌మెంట్‌కి పది రోజుల ముందే వచ్చింది. కుడి మణికట్టు ముందుకి చాచింది.

"ఇది ఆ నొప్పి కాదు మేడమ్. అది ఒళ్లంతా ఉంటుంది, నిద్రపోతే తగ్గుతుంది. ఇది ఇక్కడే ఉంది, పొద్దున్నే గంటసేపు బిగుసుకుపోతోంది. ఇది కీలుది."

మణికట్టు మీద వేళ్లు పెడితే మెత్తగా, వెచ్చగా తగిలింది. డాప్లర్‌లో ఎరుపు. ఆ వారమే ఇంజెక్షన్ మళ్లీ మొదలుపెట్టాం.